4000 హెర్ట్జ్ దగ్గర గుంట, రిపోర్టులో మాత్రం నార్మల్: శబ్దం వల్లే అని ఎలా తేల్చాలి?

భద్రతా_ఫైలు:

అందరికీ నమస్కారం. కంప్రెసర్ల హాల్లో పనిచేసే ఒకాయన ఆడియోగ్రామ్ (ఏ ఫ్రీక్వెన్సీలో ఎంత మెల్లని శబ్దం వినబడుతుందో చూపే పట్టిక; ఒకచోట మాత్రం వినికిడి పడిపోతే దాన్ని గుంట అంటారు) కింద ఇస్తున్నాను. వయసు 38, ఆ హాల్లో 9 ఏళ్లుగా ఉన్నారు. సౌండ్ మీటర్‌తో కొలిస్తే 93 డీబీఏ వచ్చింది. స్పాంజి ఇయర్‌ప్లగ్గులు ఇస్తారు.

ఉద్యోగంలో చేరినప్పటి పరీక్ష, 2000, 3000, 4000 హెర్ట్జ్ వరుసలో (అంకెలు డెసిబెల్‌లలో, అంటే డీబీలో; అంకె పెరిగితే వినికిడి తగ్గినట్టు):
కుడి 10, 15, 25
ఎడమ 10, 20, 30

ఇప్పటి పరీక్ష, 500, 1000, 2000, 3000, 4000, 6000, 8000 వరుసలో:
కుడి 10, 10, 15, 30, 45, 40, 20
ఎడమ 10, 10, 15, 35, 50, 45, 25

రిపోర్టు కింద "సగటు 12 డీబీ, వినికిడి నార్మల్" అని రాశారు. ఆయనేమో నలుగురు ఒకేసారి మాట్లాడుతుంటే మాటలు విడిపోవడం లేదంటున్నారు, రాత్రిపూట చెవుల్లో సన్నగా కూత వినబడుతోందంటున్నారు. పరీక్ష జరిగింది రాత్రి షిఫ్టు దిగిన రెండు గంటలకు, బూత్ లేకుండా తలుపులు మూసిన మామూలు గదిలో. చెవి మీద ఆనే పాత రకం హెడ్‌ఫోన్లు వాడారు. ఎముక ద్వారా చేసే పరీక్ష చేయలేదు.

నా ప్రశ్నలు మూడు. ఈ పరీక్షను నమ్మవచ్చా? నార్మల్ అని ఎలా రాశారు? ఇది శబ్దం వల్ల వచ్చిందే అని చెప్పడానికి ఇంకా ఏమేం కావాలి?

వినికిడి_గది:

రెండో ప్రశ్న తేలిక, దానితో మొదలుపెడతాను. ఆ 12 అనేది 500, 1000, 2000ల సగటు. మాట ఎంత మెల్లగా ఉన్నా వినబడుతుందా అని చూడటానికి పుట్టిన లెక్క అది. శబ్దం ముందుగా కొట్టే చోటు 3000 నుంచి 6000 వరకు, అంటే ఈ సగటులోకి అసలు రాని భాగం. 4000 దగ్గర 50 ఉన్నా, 80 ఉన్నా అదే 12 వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ వాడే సగటులో 500, 1000, 2000లతో పాటు 4000 కూడా ఉంటుంది. అలా కడితే కుడి 20, ఎడమ 21. వాళ్ల 2021 వర్గీకరణలో 20 నుంచే స్వల్ప లోపం మొదలు. కాబట్టి "నార్మల్" అన్న మాట ఆ రిపోర్టులో ఉండకూడదు. గుంపులో మాటలు విడిపోవడం లేదని ఆయన చెబుతున్నది ఈ ఆడియోగ్రామ్‌తో సరిపోతుంది. స, ష, ఫ, త లాంటి హల్లుల్లోని సన్నని శబ్దం చాలావరకు 2000కు పైనే ఉంటుంది. అచ్చులు వినబడతాయి, హల్లులు జారిపోతాయి. మాట వినబడుతుంది, ఏమన్నారో అర్థం కాదు.

ఇక నమ్మవచ్చా అన్నది. ఈ పరీక్షను శాశ్వత లోపానికి కొలతగా తీసుకోకూడదు. షిఫ్టు దిగిన రెండు గంటల్లో చేస్తే అలసిన చెవిని కొలిచినట్టే. పెద్ద శబ్దం తర్వాత థ్రెషోల్డ్ (వినబడే అతి చిన్న స్థాయి) తాత్కాలికంగా పెరిగి, గంటల తరబడి మెల్లగా దిగుతుంది. అందుకే బేస్‌లైన్ పరీక్షకు (తర్వాతివాటిని పోల్చుకునే మొదటి పరీక్షకు) ముందు కనీసం 14 గంటలు శబ్దానికి దూరంగా ఉండాలని నియమం పెట్టారు, కొందరు 16 అంటారు. రోగ నిర్ధారణకైతే 48 గంటలు అడగండి. ఆ విరామంలో బైకు మీద దూర ప్రయాణం, ఇంట్లో డ్రిల్ మిషను, హెడ్‌ఫోన్లలో పెద్ద పాటలు, ఏవీ ఉండకూడదు. ప్లగ్గులు పెట్టుకుని షిఫ్టు చేసి నేరుగా వస్తే చాలదా అని అడుగుతారు. ప్లగ్గు సరిగ్గా కూర్చుందని రుజువు ఉంటే తప్ప చాలదనే నా అభిప్రాయం.

గది గురించి మీకు భయం అక్కర్లేదు, కారణం మీ అంకెల్లోనే ఉంది. బయటి చప్పుడు చెడగొట్టేది ముందుగా 250, 500ల దగ్గర. ఫ్యాను, ఏసీ, దూరపు వాహనాల శబ్దం అక్కడే ఉంటుంది. ఈయనకు 500 దగ్గర రెండు చెవుల్లోనూ 10 వచ్చిందంటే ఆ గది ఆ సమయానికి తగినంత నిశ్శబ్దంగానే ఉంది. కాబట్టి 4000 దగ్గరి 50కి గదిని తప్పుపట్టలేం. 500 దగ్గర 25, 30 వచ్చి ఉంటే మాత్రం మొత్తం చెత్తబుట్టలో వేయమనేవాణ్ణి.

హెడ్‌ఫోన్ సంగతి వేరు. చెవి మీద ఆనే టీడీహెచ్-39 రకంతో 6000 దగ్గర ఒక పాత చిక్కు ఉంది. దాని కాలిబ్రేషన్ ప్రమాణం వల్ల మంచి చెవికి కూడా అక్కడ 5 నుంచి 10 డీబీ ఎక్కువ చూపించే అవకాశముంది. 6000 దగ్గర మాత్రమే చిన్న గుంట కనబడి, 4000 బాగుంటే తొందరపడి శబ్దం అనకండి. మీ కేసులో అసలు లోతు 4000 దగ్గర ఉంది, అది హెడ్‌ఫోన్ కల్పించింది కాదు.

హెడ్‌ఫోన్ పెట్టే తీరు కూడా చూసుకోండి. పొర మధ్యలోని రంధ్రం చెవి కాలువ ముఖానికి ఎదురుగా రావాలి. సెంటీమీటరు పక్కకు జరిగినా 6000, 8000 దగ్గర అంకెలు మారిపోతాయి. కమ్మలు, కళ్లజోడు తీయించాలి, జుట్టు పక్కకు తోయాలి. హెడ్‌ఫోన్‌ను పరీక్షించేవాళ్లే పెట్టాలి, ఆయన చేతికిచ్చి పెట్టుకోమనకూడదు. పెద్ద వయసు వాళ్లలో దాని ఒత్తిడికి చెవి కాలువ ముడుచుకుపోయి పై ఫ్రీక్వెన్సీల్లో లేని లోపం కనబడుతుంది. చెవిలోపల పెట్టే ఇన్సర్ట్ ఇయర్‌ఫోన్లు వాడితే ఆ బెడద ఉండదు.

మళ్లీ చేయించేటప్పుడు పరీక్షకుడి చెయ్యి ఎలా నడవాలో ఒక్క చోట చూపిస్తాను. ఎడమ చెవి, 4000 అనుకోండి. 1000 దగ్గర ఆయనకు 10 వచ్చింది కాబట్టి 30 కలిపి 40తో మొదలుపెడతాం. స్పందన లేదు. 60కి వెళ్తాం, వేలెత్తారు. వినబడిన ప్రతిసారీ 10 దిగాలి, వినబడకపోతే 5 ఎక్కాలి. 50 వినబడింది. 40 లేదు. 45 వినబడింది, ఇది ఎక్కుతూ వచ్చిన మొదటి స్పందన. 10 దిగి 35, లేదు. 40, లేదు. 45, మళ్లీ వేలెత్తారు. ఎక్కేటప్పుడు మూడింట రెండుసార్లు ఒకే మెట్టు దగ్గర స్పందించారు కాబట్టి థ్రెషోల్డ్ 45. దిగేటప్పుడు వచ్చిన స్పందనలను లెక్కలో వేయకూడదు. చాలామంది చేసే తప్పు ఇదే. దిగుతూ దిగుతూ చివరగా విన్న అంకె రాసేస్తారు.

టోన్ ఒకటి రెండు సెకన్లు ఉండాలి, మధ్య విరామం ప్రతిసారీ మారాలి. ఒకే లయలో నొక్కితే నాలుగోసారికి ఆయన చెవితో విని కాదు, లెక్క కట్టి వేలెత్తుతారు. చెవుల్లో కూత ఉన్నవాళ్లకు 4000, 6000ల దగ్గర టోన్ ఏదో, తమ చెవి కూత ఏదో తేడా తెలియక టోన్ లేనప్పుడు కూడా వేలెత్తుతారు. అలాంటప్పుడు ఆగి ఆగి మోగే పల్స్ టోన్ వాడండి, వెంటనే తేడా పట్టేస్తారు. వరుస: బాగా వినబడే చెవితో మొదలు, 1000, 2000, 3000, 4000, 6000, 8000, మళ్లీ 1000, ఆపైన 500, 250. రెండోసారి 1000 దగ్గర 10 డీబీ తేడా వస్తే ఆయనకు సూచనలు అర్థం కాలేదని, మొదటి నుంచి చేయాలి. 3000, 6000 వదిలేసి 2000 నుంచి 4000కు, అక్కడి నుంచి 8000కు గెంతే పరీక్షతో శబ్దం గుంట గురించి ఏమీ తేల్చలేరు.

చెవి_డాక్టర్:

పై జవాబుతో ఏకీభవిస్తూ, నిర్ధారణ వైపు నుంచి రాస్తాను.

మొదట చెవిలోకి ఓటోస్కోప్‌తో చూడాలి. గులిమి కాలువను పూర్తిగా మూసేసిందా, కర్ణభేరికి రంధ్రం ఉందా, వెనక ద్రవం ఉందా? ఇది చూడకుండా ఆడియోగ్రామ్ తీయడం, తీసిన దాన్ని చదవడం రెండూ తప్పే. గులిమి తీయాల్సి వస్తే సక్షన్ మిషను మోత కూడా తక్కువేం కాదు, అందుకే పరీక్ష రోజున కాకుండా ముందే తీయించండి.

తర్వాత టింపనోమెట్రీ. 226 హెర్ట్జ్ ప్రోబ్‌తో కర్ణభేరి కదలిక చూస్తాం. వచ్చే గీతలో శిఖరం సున్నా పీడనానికి దగ్గరగా, మామూలు ఎత్తులో ఉంటే మధ్య చెవి బాగున్నట్టు. దాని వెంటే అకూస్టిక్ రిఫ్లెక్స్ (పెద్ద శబ్దానికి మధ్య చెవి కండరం బిగుసుకోవడం) 500, 1000, 2000ల దగ్గర. శబ్దం వల్ల 4000 దగ్గర మాత్రమే దెబ్బతిన్న చెవిలో ఈ మూడు చోట్లా రిఫ్లెక్స్ మామూలుగా రావాలి. గాలి ద్వారా వినికిడి బాగుండి కూడా రిఫ్లెక్స్ రాకపోతే నరం వైపు చూడాలి.

ఎముక ద్వారా పరీక్ష తప్పనిసరి. శబ్దం దెబ్బతీసేది కాక్లియాలోని (లోపలి చెవిలోని) రోమ కణాలను. కాబట్టి గాలి ద్వారా ఎంత వస్తే ఎముక ద్వారా కూడా దాదాపు అంతే రావాలి, మధ్య సందు ఉండకూడదు. ఒక ఉచ్చు చెబుతాను: 4000 దగ్గర ఎముక వైబ్రేటర్ నుంచి గాలిలోకి కూడా కాస్త శబ్దం కారుతుంది. అది చెవి కాలువలోంచి వినబడి, ఎముక అంకె బాగున్నట్టు, సందు 10, 15 డీబీ ఉన్నట్టు చూపిస్తుంది. దాన్ని చూసి మధ్య చెవి జబ్బు అని రాసిన రిపోర్టులు ఉంటాయి. టింపనోగ్రామ్ మామూలుగా ఉండి 3000, 4000ల దగ్గర మాత్రమే సందు వస్తే, ఆ రెండింటికి మాత్రం పరీక్షించే చెవిలో ప్లగ్గు పెట్టి మళ్లీ తీయండి, సందు మూసుకుపోతుంది. కింది ఫ్రీక్వెన్సీల్లో ఇలా ప్లగ్గు పెట్టకూడదు, అక్కడ ప్లగ్గు వల్లే శబ్దం పెరిగి తప్పు అంకెలు వస్తాయి.

512 హెర్ట్జ్ శ్రుతిదండంతో రిన్నే, వెబర్ అనే పరీక్షలు చేసి అంతా బాగుందని పంపేయడం కూడా జరుగుతుంటుంది. 512 దగ్గర చేసిన పరీక్ష 4000 దగ్గరి లోపాన్ని పట్టలేదు.

అసలు ప్రశ్న: గుంట ఉంటే శబ్దమేనా? కాదు. తలకు దెబ్బ తగిలిన తర్వాత ఇదే ఆకారం రావచ్చు. వంశపారంపర్యంగా రావచ్చు. శబ్దం ఎరగని వాళ్లలోనూ కొందరికి కనబడుతుంది. గుంట ఒక సాక్ష్యం, అదే తీర్పు కాదు. అందుకని చరిత్ర విడిగా, నిదానంగా రాసుకోవాలి. జెంటామైసిన్, అమికాసిన్, స్ట్రెప్టోమైసిన్ ఇంజెక్షన్లు ఎప్పుడైనా పడ్డాయా? సిస్‌ప్లాటిన్ కీమో జరిగిందా? ఇవి సాధారణంగా 8000 వైపు నుంచి తినుకుంటూ వస్తాయి, గుంట ఆకారం తక్కువ. పనిలో టాలుయీన్, స్టైరీన్, జైలీన్ లాంటి ద్రావకాలు ఉన్నాయా? ఇవి శబ్దంతో కలిస్తే లోపాన్ని పెంచుతాయి, కాబట్టి మోత అంత లేకున్నా లోపం ఎక్కువగా కనబడిన చోట ముందు వీటినే అడగండి. చిన్నప్పటి చెవిపోటు, చీము, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే వినికిడి తగ్గడం, తుపాకీ వాడకం. కుడిచేతి వాటం వాళ్లు రైఫిల్ వాడితే గొట్టం వైపున్న ఎడమ చెవి ఎక్కువ దెబ్బతింటుంది. ఫ్యాక్టరీ శబ్దం మాత్రం రెండు చెవులనూ దాదాపు ఒకేలా కొడుతుంది.

శబ్దం వల్ల వచ్చే లోపానికి మామూలుగా కొన్ని లక్షణాలు ఉంటాయి. రెండు వైపులా ఉంటుంది, 3000 నుంచి 6000 మధ్య లోతుగా ఉండి 8000 దగ్గర తేరుకుంటుంది. మొదటి 10, 15 ఏళ్లలో వేగంగా పెరిగి తర్వాత నెమ్మదిస్తుంది. శబ్దం ఒక్కటే కారణమైతే పై ఫ్రీక్వెన్సీల్లో సాధారణంగా 75 డీబీని, కింది ఫ్రీక్వెన్సీల్లో 40ని దాటదు. శబ్దం ఆగిపోయాక కూడా ఏడాదేడాదికీ పెరుగుతూ పోతుంటే వేరే కారణం వెతకాలి. వయసు పైబడ్డాక 8000 కూడా పడిపోయి గుంట పూడిపోతుంది, అప్పుడు వాలు మాత్రమే మిగులుతుంది. అందుకే 38 ఏళ్లకే తీసిన ఈ ఆడియోగ్రామ్ విలువైనది, జాగ్రత్తగా దాచండి.

కొన్ని కనబడితే ఆలస్యం చేయకండి. పక్కపక్క రెండు ఫ్రీక్వెన్సీల్లో చెవికీ చెవికీ 15 డీబీకి మించి తేడా, ఒక వైపే కూత, తల తిరగడం, మాటల పరీక్ష స్కోరు ఆడియోగ్రామ్ కంటే బాగా తక్కువ రావడం. అలాంటప్పుడు వెస్టిబ్యులార్ ష్వానోమా (వినికిడి నరం మీద పెరిగే గడ్డ) లేదని గాడోలినియం ఎంఆర్‌ఐతో తేల్చుకోవాలి. పేలుడు వంటి శబ్దం తర్వాతో, ఏ కారణం లేకుండానో మూడు రోజుల్లోపు వరుసగా మూడు ఫ్రీక్వెన్సీల్లో 30 డీబీ పడిపోతే అది అత్యవసరం. స్టెరాయిడ్ వైద్యం పనికొచ్చే కాలం చాలా తక్కువ, అదే రోజు చూపించాలి.

శబ్దమాపని:

శబ్దం ఎంత తగిలిందో తెలియకుండా శబ్దం వల్ల అని రాయలేరు. 93 డీబీఏ అని మీటర్‌తో ఒకచోట నిలబడి కొలిచింది హాలు సంగతి, ఆ మనిషి సంగతి కాదు. భుజం మీద, చెవికి దగ్గరగా మైకు క్లిప్ చేసి షిఫ్టు మొత్తం డోసిమీటర్ (మనిషికి తగిలిన మొత్తం శబ్దాన్ని లెక్కించే పరికరం) పెట్టండి. సెట్టింగులు రిపోర్టులో రాయించండి: ప్రమాణం 85 (ఎనిమిది గంటలకు అనుమతించే స్థాయి), మార్పు రేటు 3 డీబీ (అంత పెరిగితే అనుమతి సమయం సగమవుతుంది), థ్రెషోల్డ్ 80 (అంతకు తక్కువ శబ్దం లెక్కలోకి రాదు). ఇవి లేకపోతే అంకెకు అర్థం లేదు. అదే హాలును 90 ప్రమాణం, 5 డీబీ రేటుతో కొలిస్తే డోసు చాలా తక్కువగా కనబడుతుంది.

తేడా ఎంతో చూడండి. 93 డీబీఏలో 85, 3 లెక్క ప్రకారం అనుమతి దాదాపు 75 నిమిషాలు. 90, 5 లెక్క ప్రకారం 5 గంటల పైచిలుకు. మొదటిది అమెరికాలోని నియోష్ సిఫారసు, రెండోది అక్కడి ఓషా చట్ట పరిమితి. చెవికి దగ్గరగా ఉండేది మొదటిదే. కంప్రెసర్ల దగ్గర గాలి విడిచే వాల్వు ఒక్కసారిగా పేలుతుంది, సగటులో అది కనబడదు. సీ పీక్ (అలాంటి క్షణికమైన అత్యధిక స్థాయి) కూడా చూడండి, 140 డీబీ దాటకూడదు.

ప్లగ్గుల గురించి ఒక మాట. డబ్బా మీద ఎన్‌ఆర్‌ఆర్ (శబ్దాన్ని ఎంత తగ్గిస్తుందో చెప్పే అంకె) 29 అని ఉన్నా డీబీఏ కొలతకు దాన్నుంచి 7 తీసేసి సగం చేయండి, 11 వస్తుంది. 93లో 11 పోతే 82. అది కూడా షిఫ్టంతా పెట్టుకుంటేనే. ఎనిమిది గంటల్లో 48 నిమిషాలు తీసి జేబులో పెట్టుకుంటే, ఎంత గొప్ప ప్లగ్గయినా 3 డీబీ లెక్కలో మొత్తం మీద ఇచ్చే రక్షణ 10 డీబీకి మించదు. స్పాంజి ప్లగ్గును సన్నగా, ముడతల్లేకుండా నలిపి, రెండో చేత్తో తల వెనక నుంచి చెవిని పైకి వెనక్కి లాగి, లోపలికి తోసి, ఉబ్బే వరకు అరనిమిషం వేలు పెట్టి పట్టుకోవాలి. ఎదురుగా నిలబడి చూస్తే ప్లగ్గు చివర బయటకు కనబడుతోందంటే సరిగ్గా లేనట్టే.

భద్రతా_ఫైలు:

చాలా ధన్యవాదాలు అండీ. మీరు చెప్పినట్టే 48 గంటల విరామం ఇచ్చి బూత్‌లో, ఇన్సర్ట్ ఇయర్‌ఫోన్లతో చేయించాం. అదే వరుసలో:

కుడి 10, 10, 10, 25, 40, 30, 15
ఎడమ 10, 10, 15, 30, 45, 35, 20

ఎముక ద్వారా 4000 దగ్గర కుడి 40, ఎడమ 40. గులిమి లేదు, టింపనోగ్రామ్ రెండు వైపులా మామూలు, రిఫ్లెక్సులు ఉన్నాయి. మందులు, ద్రావకాలు, తుపాకీ, తలకు దెబ్బ ఏవీ లేవు. డోసిమీటర్ 92 చూపించింది. ఓఏఈ (లోపలి చెవి తిరిగి పంపే సన్నని శబ్దాన్ని కొలిచే పరీక్ష) కూడా చేయించాలా? వయసు సవరణ (వయసు వల్ల తగ్గే వినికిడిని అంకెల్లోంచి తీసేయడం) వేయాలంటున్నారు, వేయాలా?

వినికిడి_గది:

మొదటి పరీక్షకూ దీనికీ 4000 దగ్గర 5 డీబీ తేడా ఉంది. 5 అనేది పరీక్షకు పరీక్షకు మామూలుగా వచ్చే ఊగిసలాట, అదొక్కటే అయితే ఏమీ అనలేం. కానీ రెండు చెవుల్లోనూ 3000 నుంచి 8000 వరకు అన్నీ కిందికే దిగాయి, కాబట్టి కొంత తాత్కాలిక అలసట ఉండేదని చెప్పవచ్చు. 6000 దగ్గర దిగిన 10లో కొంత హెడ్‌ఫోన్ మార్పుది. ఏ భాగం దేనిదో విడదీసే ప్రయత్నం చేయకండి.

ఇప్పుడు బేస్‌లైన్‌తో పోల్చండి. ఓషా పద్ధతిలో 2000, 3000, 4000ల సగటు మార్పు చూస్తారు, 10 లేదా ఎక్కువైతే స్టాండర్డ్ థ్రెషోల్డ్ షిఫ్ట్. కుడి సగటు 16.7 నుంచి 25కి వచ్చింది, మార్పు 8.3. ఎడమ 20 నుంచి 30, సరిగ్గా 10. షిఫ్టు దిగి చేసిన మొదటి పరీక్షలో రెండు చెవులూ 13.3 చూపించాయి. విరామం ఎందుకు అడిగామో ఇక్కడ కనబడుతుంది: అదే మనిషి, ఒక చెవి గీత దాటింది, ఒకటి దాటలేదు. నియోష్ పద్ధతిలో 500 నుంచి 6000 వరకు ఏ ఒక్క చోటైనా 15 మార్పు వచ్చి, మళ్లీ చేసినా నిలిస్తే చాలు. 4000 దగ్గర రెండు చెవుల్లోనూ 15 ఉంది. సగటు తీస్తే 4000 దగ్గరి దెబ్బ పలచబడుతుంది, నేనైతే రెండో పద్ధతినే ముందు చూస్తాను.

వయసు సవరణ: ఎడమ చెవి సరిగ్గా 10 మీద నిలబడి ఉంది. ఒక్క డీబీ తీసినా గీత కిందికి పోతుంది, ఫైలు మూసేస్తారు. ఓషా నియమాల్లో సవరణకు అనుమతి ఉంది, నియోష్ మాత్రం ఒక్కో మనిషి విషయంలో వద్దంటుంది. ఆ పట్టికలు గుంపు సగటులు, ఈ మనిషి చెవి వయసు వల్ల ఎంత పోయిందో అవి చెప్పలేవు. పైగా ఆకారం చూడండి, 8000 దగ్గర 15, 20 ఉంది. వయసు అయితే ముందు పడాల్సింది అదే. సవరించని అంకెలే రికార్డులో ఉంచండి.

ఓఏఈ చేయించండి, కానీ దేనికో తెలిసి చేయించండి. డీపీఓఏఈ (రెండు టోన్లు పంపి చేసే రకం) అయితే ఆ టోన్ల ఎఫ్2, ఎఫ్1 నిష్పత్తి 1.22, స్థాయిలు 65, 55, 1000 నుంచి 8000 వరకు. నేపథ్య శబ్దం కంటే 6 డీబీ పైకి వస్తే స్పందన ఉన్నట్టు. ఇది బయటి రోమ కణాల పని చూపిస్తుంది, థ్రెషోల్డ్ చెప్పదు. ఈయనకు 3000, 4000ల దగ్గర తగ్గిపోయి, 1000, 1500 దగ్గర బాగుండాలి. అలా వస్తే ఆయన వేలితో చెప్పిన జవాబును ఆయన ప్రమేయం లేని పరీక్ష కూడా బలపరిచినట్టు. 4000 దగ్గర ఓఏఈ చక్కగా వచ్చి ఆడియోగ్రామ్ మాత్రం 45 చూపిస్తే ఏదో పొసగడం లేదు, ఆడియోగ్రామ్ మళ్లీ తీయాలి. ఒక చెవే బాగా వినబడదని చెప్పే కేసుల్లో ఆ మాట నిజమో కాదో తేల్చే స్టెంగర్ పరీక్ష పనికొస్తుంది, ఇక్కడ అవసరం లేదు.

9000 పైన చేసే హై ఫ్రీక్వెన్సీ పరీక్ష గురించి కూడా అడుగుతారు. ఇప్పటికే 4000 దగ్గర ఇంత ఉన్నప్పుడు అది కొత్తగా చెప్పేది తక్కువ, వయసు ప్రభావం అక్కడే ఎక్కువ. వదిలేయండి. ఫోన్ యాప్‌తో ఇంట్లో చూసుకున్న అంకెలను ఈ పట్టికలో కలపకండి, వాళ్ల ఇయర్‌ఫోన్లకు కాలిబ్రేషన్ ఉండదు.

చెవి_డాక్టర్:

ఎముకతో చూస్తే కుడి 40కి 40, ఎడమ 45కి 40. సందు లేదు, లోపం లోపలి చెవిదే. 2000 సంవత్సరపు కోల్స్, లట్‌మన్, బఫిన్ ప్రమాణంలో 3000, 4000, 6000ల్లో ఒకటి 1000 లేదా 2000 కంటే, అలాగే 6000 లేదా 8000 కంటే కనీసం 10 ఎక్కువ ఉంటే గుంట అంటారు. ఎడమ చెవి 4000 దగ్గర 2000 కంటే 30, 8000 కంటే 25 ఎక్కువ. అనుమానానికి తావులేదు. మొత్తం తగిలిన శబ్దం లెక్క కోసం 92కు 9 ఏళ్ల లాగరిథమ్ పదింతలు కలిపితే, అంటే 9.5, 101.5 వస్తుంది. 10 డీబీ గుంట చాలడానికి ఆ ప్రమాణంలో కావలసింది 100. ప్లగ్గులు నిజంగా పనిచేసి ఉంటే అది 100 కిందికి పోతుంది, 90కి పైన ఉంటే 20 డీబీ గుంట అడుగుతారు, అది కూడా ఈయనకు ఉంది.

రిపోర్టులో ఇలా రాయించండి: "రెండు చెవుల్లోనూ 3000 నుంచి 6000 హెర్ట్జ్ వరకు సెన్సరీన్యూరల్ లోపం, 4000 దగ్గర గుంట, 8000 దగ్గర తేరుకుంది, బేస్‌లైన్ కంటే 4000 దగ్గర 15 డీబీ పెరిగింది, పని శబ్దంతో పొసగుతోంది, ఇతర కారణాలు చరిత్రలో, పరీక్షలో కనబడలేదు." ఇది "నార్మల్" అన్న పాత మాట స్థానంలో ఫైలులోకి వెళ్లాలి. అది అక్కడే ఉంటే వచ్చే ఏడాది చూసేవాళ్లు పేజీ తిప్పేస్తారు, ఆయన అదే హాల్లో అలాగే ఉండిపోతారు. కూతకు విడిగా పిచ్ మ్యాచింగ్ (కూత ఏ ఫ్రీక్వెన్సీ టోన్‌లా ఉందో పోల్చి చూడటం) చేయించండి, చాలాసార్లు గుంట ఉన్న ఫ్రీక్వెన్సీకి దగ్గరగానే వస్తుంది. నిశ్శబ్దంలో, శబ్దం మధ్యలో రెండు మాటల పరీక్షలు కూడా చేయించండి. ఆయన ఫిర్యాదు గుంపులో వినబడటం గురించి, దాన్ని కొలవకుండా వదలకూడదు.

శబ్దమాపని:



భద్రతా_ఫైలు గారూ, కొత్త ఆడియోగ్రామ్‌ను పాత బేస్‌లైన్ స్థానంలో పెట్టకండి. పాతది అలాగే ఉండాలి. ఇది పక్కన సవరించిన బేస్‌లైన్‌గా చేరాలి, ఇన్సర్ట్ ఇయర్‌ఫోన్లతో తీశారని దాని మీదే రాసి ఉండాలి. తర్వాతి పరీక్ష ఏడాది దాకా ఆపకుండా కొన్ని నెలల్లోనే పెట్టండి, ఈసారి షిఫ్టు మధ్యలో. అలసట ఎంత పెరుగుతోందో అప్పుడే తెలుస్తుంది. విరామం తర్వాత 45 ఉన్న చెవి షిఫ్టు మధ్యలో 55 చూపిస్తే ఆ ప్లగ్గులు ఆ చెవికి పట్టడం లేదన్నమాట. అప్పుడు ఫిట్ టెస్ట్ (ప్లగ్గు ఎంత అడ్డుకుంటోందో చూసే పరీక్ష) చేసి వేరే సైజు ఇవ్వాలి, లేదా ప్లగ్గు మీద మఫ్ (చెవిని మూసే కప్పు) కూడా పెట్టించాలి. ఆ హాల్లో మిగతావాళ్ల ఆడియోగ్రాముల్లో 4000 దగ్గరి అంకె కూడా ఈ వారంలోనే తీసి చూడండి. రిపోర్టులన్నీ అదే మూడు ఫ్రీక్వెన్సీల సగటుతో రాసి ఉంటే, వాటిలోనూ "నార్మల్" అనే ఉంటుంది.